అసలు ఉండగానే నకలును సరిచూడాలి

పంట రుణం కోసం వచ్చిన గురజాల రైతు పొలాన్ని బ్యాంకు వాళ్లు ముందుగా చూసేది తెర మీద. సర్వే నంబరు, సబ్‌డివిజన్, ఖాతా నంబరు, పట్టాదారు పేరు, తండ్రి పేరు, మెట్టా మాగాణా అన్న వివరం, ఎకరాల్లో సెంట్లలో విస్తీర్ణం, అన్నీ ఒకే వరుసలో ఉంటాయి. ఊరంతటి వరుసలూ కలిస్తే ఒక పట్టిక. ఒకప్పుడు చేతిరాతతో నిండి ఉండే అడంగల్, 1-బి రిజిస్టర్లు ఇప్పుడు రెవెన్యూ శాఖ వెబ్‌ల్యాండ్‌లో ఇలాంటి పట్టికలే. 2015 నుంచి మీభూమి వెబ్‌సైటులో ఎవరి వరుసను వారు ఇంట్లో కూర్చునే చూసుకుంటున్నారు. డేటాబేస్ అన్న మాట వినగానే ఏదో పెద్ద యంత్రాంగం మనసులో మెదులుతుంది గానీ, దాని లోపల ఉండేవి నిలువు గళ్లు, అడ్డు వరుసలు, ఒక పట్టికకూ మరో పట్టికకూ మధ్య వేసిన ముడులు. నరసరావుపేటలో మిర్చి బస్తాల లెక్క పెట్టుకునే కోల్డ్ స్టోరేజీకైనా, పిడుగురాళ్లలో సున్నం లారీల లెక్క రాసుకునే బట్టీకైనా, పిల్లల ఫీజులు రాసుకునే స్కూలుకైనా కావలసింది ఇదే. అడంగల్‌ను ఇక్కడ ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఒకటే. వరుస పోతే ఏమవుతుందో పల్నాడులో ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు. అప్పు ఆగుతుంది, అమ్మకం ఆగుతుంది, అన్నదమ్ముల మధ్య తగవు మొదలవుతుంది.

పట్టికలను కాపాడుకోవడం కొత్తగా నేర్చుకునేవారికి మొదటి పాఠం నకలు తీయడం ఎలాగో చెబుతుంది. తిరిగి నిలబెట్టడం ఎలాగన్నది చివర్లో, అవసరం పడినప్పుడు చూసుకోవచ్చులే అన్నట్టు వస్తుంది. ఈ వరుస తలకిందులుగా ఉందని నా వాదన. తిరిగి నిలబెట్టి చూడని నకలును బ్యాకప్ అనకూడదు. దాన్ని ఒక ఫైలు అనవచ్చు, అంతే. ఆ నిలబెట్టి చూడటమైనా ప్రమాదం జరిగిన రోజున చేసే పని కాదు. అసలు పట్టిక చెక్కుచెదరకుండా ఉన్నప్పుడు, రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చే వీలున్నప్పుడు చేయాలి. అసలు పోయాక నకలులో తప్పుందని తెలిసినా దిద్దుకునే దారి ఉండదు. పైకి ఇది ఎవరైనా ఒప్పుకునే మాటలాగే ఉంటుంది. కానీ పట్టికల నకళ్లు ఎక్కడెక్కడ, ఎంత చప్పుడు లేకుండా చెడిపోతాయో చూస్తే గానీ ఈ మాట బరువు తెలియదు.

కొత్తవాళ్లు చేసే మొదటి ప్రయత్నం పట్టికను ఎక్సెల్‌లోకి దించుకోవడం. తెరిస్తే అన్ని వరుసలూ కళ్లెదుట ఉంటాయి, ధైర్యంగా ఉంటుంది. కానీ ఎక్సెల్ తన ముందుకొచ్చిన ప్రతి గడినీ అర్థం చేసుకోబోతుంది. 5-2 అన్న సబ్‌డివిజన్‌ను చూసి అది తేదీ అనుకుంటుంది, ఫిబ్రవరి 5గా మార్చేస్తుంది. 212-3 తేదీ కాలేదు కాబట్టి దాని జోలికి పోదు. అంటే ఊళ్లోని పెద్ద సర్వే నంబర్లు క్షేమంగా ఉంటాయి, చిన్న నంబర్లే పాడవుతాయి. పైనా కిందా నాలుగు వరుసలు చూసి సరేననుకునేవారికి ఇది కనబడకపోవడానికే అవకాశం ఎక్కువ. 12 అంకెల ఆధార్ నంబరును సంఖ్యగా భావించి కుదించి చూపిస్తుంది. ఆ స్థితిలో సీఎస్‌వీగా భద్రపరిస్తే తెర మీద కనిపించిన కుదింపు రూపమే ఫైలులోకి వెళ్తుంది, మిగతా అంకెలు పోతాయి. ఇది మన గుమాస్తాల అజాగ్రత్త అనుకోవద్దు. మనిషి జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ సంఘం మార్చ్1, సెప్ట్1 వంటి జన్యువుల పేర్లనే మార్చుకున్నట్టు 2020లో ప్రకటించింది. ఎక్సెల్ వాటిని మార్చి 1, సెప్టెంబరు 1గా మార్చేసి పరిశోధనా పత్రాల్లో తప్పులు చేర్చడం ఎంతకీ ఆగకపోవడం అందుకు ఒక కారణం. ప్రపంచంలోని జీవశాస్త్రవేత్తలంతా ఒక పట్టికల ప్రోగ్రాం అలవాటుకు తలవంచి జన్యువుల పేర్లు దిద్దుకున్నారు. మన సర్వే నంబర్లకు ఆ అవకాశం కూడా లేదు.

తెలుగులో రాసిన పేర్లకు ఇంకో గండం ఉంది. కంప్యూటర్లు ఇప్పుడు ఎక్కువగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగులో ప్రతి గుర్తుకూ మూడు కావాలి. ‘శ్రీ’ అని రాస్తే అందులో శకారం, పొల్లు గుర్తు, రకారం, దీర్ఘం అని నాలుగు గుర్తులు, వెరసి 12 బైట్లు. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ 8.0 కూర్పుకు ముందు, వేరే చెప్పకపోతే, పశ్చిమ ఐరోపా అక్షరాల కోసం చేసిన లాటిన్-1 పద్ధతినే తీసుకునేది. అలాంటి పట్టికలోకి తెలుగు పేర్లను తిరిగి ఎక్కిస్తే, కట్టుదిట్టమైన తనిఖీ ఆన్‌లో లేని చోట, ఒక్కో గుర్తు ఒక్కో ప్రశ్నార్థకమై కూర్చుంటుంది. వరుసల సంఖ్య సరిపోతుంది. ఖాతా నంబర్లు సరిపోతాయి. పట్టాదారు పేరు ఉండవలసిన చోట మాత్రం ప్రశ్నార్థకాల బారు. ఆ ప్రశ్నార్థకం వెనక ఏ అక్షరం ఉండేదో చెప్పే ఆధారం ఆ పట్టికలో మిగలదు. ఇంగ్లీషు పేర్లతో పరీక్షించి సంతృప్తి పడిన బ్యాకప్ ఏర్పాటు తెలుగు పేర్ల దగ్గర ఇలాగే బోర్లాపడుతుంది.

సరే, ఎక్సెల్ వద్దు, డేటాబేస్ లోపలే ఇంకో పట్టిక తయారుచేసి అసలు పట్టికలోని వరుసలన్నీ అందులోకి ఒంపుకుంటే? ఒకే ఆజ్ఞతో జరిగిపోతుంది, దిద్దుబాటుకు ముందు జాగ్రత్తగా మంచి అలవాటు కూడా. అయితే అలా పుట్టిన పట్టికలోకి వరుసలు వస్తాయి గానీ కట్టుబాట్లు రావు. అసలు పట్టికలో ఒకే సర్వే నంబరు, ఒకే సబ్‌డివిజన్, ఒకే ఖాతా రెండుసార్లు రాకూడదన్న నియమం ఉండి ఉంటుంది. దాన్నే ప్రైమరీ కీ అంటారు. ఖాతా పట్టికలో లేని ఖాతా నంబరు అడంగల్‌లో ఉండకూడదన్న నియమం ఫారిన్ కీ. త్వరగా వెతకడానికి కట్టిన సూచికలు వేరే. నకలు పట్టికకు సాధారణంగా ఈ కీలూ రావు, సూచికలూ రావు. దాన్నే అసలు స్థానంలో పెట్టి పని సాగిస్తే మొదటి రోజు అంతా బాగుంటుంది. వారం తిరిగేసరికి ఒకే పొలానికి రెండు వరుసలు పుట్టవచ్చు, అడ్డుకునేవాడెవడూ ఉండడు. పైగా నకలు ఉన్నది అదే డిస్కు మీద. డిస్కు పోతే రెండూ కలిసే పోతాయి.

అందుకే డంప్ తీయడం అనే పద్ధతి వచ్చింది. మైఎస్‌క్యూఎల్‌లో దీనికి మైఎస్‌క్యూఎల్‌డంప్, పోస్ట్‌గ్రెస్‌లో పీజీడంప్ అనే పనిముట్లున్నాయి, రెండూ ఉచితమే. మామూలు డంప్ ఫైలును తెరిచి చదవవచ్చు. అది పట్టిక బొమ్మ కాదు, పట్టికను మళ్లీ కట్టడానికి రాసిన ఆజ్ఞల పత్రం. ఈ పేరుతో పట్టిక కట్టు, ఈ గడిలో ఇన్ని అక్షరాలు, ఇది కీ, ఇప్పుడు ఈ వరుసలు నింపు. కొత్తగా నేర్చుకునేవారు ఒక చిన్న పట్టిక డంప్‌ను ఓపికగా చదివితే చాలా పుస్తకాలు చెప్పలేనిది తెలుస్తుంది. ఆ చదవడంలో ఒక వాక్యం దగ్గర ఆగాలి. మైఎస్‌క్యూఎల్‌డంప్ తనంతట తానే పైన చేర్చే ఆజ్ఞ: ఇదే పేరుతో పట్టిక ఇప్పటికే ఉంటే దాన్ని కొట్టేయి. ఖాళీ డేటాబేస్‌లో ఇది హానిలేని మాట. పనిలో ఉన్న డేటాబేస్‌లో తెలియక నడిపితే, నిన్నటి నకలును నిలబెట్టబోయి ఇవాళ్టి అసలును తుడిచేసినట్టే. డంప్‌లో లేనివాటినీ గుర్తించాలి. డేటాబేస్‌లో భద్రపరిచిన ప్రొసీజర్లు, సమయానికి నడిచే పనులు మైఎస్‌క్యూఎల్‌లో విడిగా అడిగితేనే వస్తాయి. ఏ ఉద్యోగికి ఏ పట్టిక మీద హక్కు ఉందన్నది కూడా మైఎస్‌క్యూఎల్ పట్టికల డంప్‌లో ఉండదు.

ఒకే పట్టికను తీసి ఒకే పట్టికను నిలబెట్టాలనుకుంటే చిక్కు ఇంకొంచెం ముదురుతుంది. పోస్ట్‌గ్రెస్ రూపకర్తలు తమ పత్రాల్లోనే హెచ్చరిస్తారు: ఎంచుకున్న పట్టిక ఆధారపడే ఇతర వస్తువులను పీజీడంప్ వెంట తీసుకురాదు, కాబట్టి ఆ డంప్ ఖాళీ డేటాబేస్‌లో నిలబడుతుందన్న హామీ లేదు. మైఎస్‌క్యూఎల్ ఇంకో తరహా. పట్టికల వరుస క్రమం అడ్డుపడకుండా డంప్ మొదట్లో ఫారిన్ కీల తనిఖీని ఆపేస్తుంది, చివర మళ్లీ మొదలుపెడుతుంది. మళ్లీ మొదలుపెట్టినప్పుడు అప్పటికే ఎక్కిన వరుసలను వెనక్కి వెళ్లి చూడదు. గతవారపు అడంగల్ పట్టికను ఇవాళ్టి ఖాతా పట్టిక పక్కన నిలబెడితే, ఈ మధ్యలో రద్దయిన ఖాతాల వరుసలు యజమాని లేకుండా నిశ్శబ్దంగా లోపలికి వచ్చేస్తాయి. తప్పు అని ఒక్క మాటా రాదు. నిలబెట్టడం విజయవంతం!

ఏ క్షణాన తీశామన్నదీ అంతే ముఖ్యం. ఒక మ్యుటేషన్ జరుగుతోంది: అమ్మినవారి ఖాతాలో రెండెకరాలు తగ్గాయి, కొన్నవారి ఖాతాలో ఇంకా పెరగలేదు. సరిగ్గా ఆ నడిమిలో ఒక పట్టికను ముందు, ఇంకోదాన్ని తర్వాత చదివితే నకలులో ఆ రెండెకరాలు ఎవరివీ కావు. డేటాబేస్‌లు ఇలాంటి జంట మార్పులను ఒకే కట్టుగా, ట్రాన్సాక్షన్‌గా చూస్తాయి. పీజీడంప్ ఎప్పుడూ ఒకే క్షణపు దృశ్యాన్నే తీస్తుంది. మైఎస్‌క్యూఎల్‌డంప్‌లో సింగిల్ ట్రాన్సాక్షన్ అన్న ఎంపికను మనమే ఇవ్వాలి, అదీ ఇన్నోడీబీ రకం పట్టికలకే పనిచేస్తుంది. పాత మైఐసామ్ రకం పట్టికలకు ఈ రక్షణ లేదు.

నకలును ఎప్పుడు సరిచూడాలి అన్న ప్రశ్నకు పల్నాడు నేల మీదే ఒక పెద్ద సాక్ష్యం ఉంది. మాచర్లకు ఎగువన కృష్ణ ఒడ్డునున్న నాగార్జునకొండ లోయలోని శిథిలాలను 1926లో ఏ.ఆర్. సరస్వతి వెలుగులోకి తెచ్చారు. ఆ తర్వాత లాంగ్‌హర్స్ట్, 1938లో టి.ఎన్. రామచంద్రన్ తవ్వకాలు జరిపారు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అదే. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖ మొత్తం లోయను తవ్వి నమోదు చేసింది. పాతరాతియుగపు పనిముట్ల నుంచి మధ్యయుగపు గుడుల దాకా వందకు పైగా చోట్లు బయటపడ్డాయి. వాటిలో తొమ్మిది కట్టడాలను మాత్రమే కొండ మీదికి తరలించి మళ్లీ కట్టారు. మెట్ల రంగస్థలం వంటివి అనుపులో నిలిచాయి. మిగిలినవి నీటి అడుగున ఉన్నాయి. వాటి గురించి ఇక మనకున్నది అప్పటి కొలతలు, పటాలు, ఫొటోలు, నివేదికలు. ఆ నివేదిక మొదటి సంపుటం 1975లో, రెండోది 2006లో వెలువడ్డాయి. అంటే తవ్వకం ముగిసిన 46 ఏళ్లకు. రెండో సంపుటం చదివేవారికి ఒక గోడ మందం మీద అనుమానం వస్తే, లోయలోకి దిగి టేపు పెట్టి కొలిచే వీలు అప్పటికి పోయి నాలుగు దశాబ్దాలు.

ఆ పనిని చిన్నబుచ్చడానికి ఈ మాట చెప్పడం లేదు. నీరు రాకముందే చేయాలన్న గడువులో అంత లోయను అంత శ్రద్ధగా నమోదు చేయడం మన పురావస్తు చరిత్రలో అరుదైన సంగతి. దాని నుంచి తీసుకోవలసిన విషయం రెండు పొరల్లో ఉంది. ఇటుకలు, రాళ్లు తెచ్చుకున్నంత మాత్రాన స్తూపం రాదు. ఏ రాయి ఏ కట్టడానిదో, ఏ దిక్కుదో తెలియాలి. అక్కడి మహాచైత్యం అనే స్తూపపు ఆయక స్తంభాల మీది శాసనాలు ఇక్ష్వాకు రాజు శాంతమూలుడి సోదరి చాంతిసిరి దానాన్ని, ఆ వంశపు మరో రాజు వీరపురుషదత్తుడి ఆరవ పాలనా సంవత్సరాన్ని చెబుతాయి. ఆ స్తంభాన్ని ఇంకో చైత్యం పక్కన నిలబెడితే ఒక్క అక్షరమూ చెరగదు, చరిత్ర మాత్రం తప్పిపోతుంది. ఫారిన్ కీ తెగిన వరుస పరిస్థితి ఇదే. ఇక రెండో పొర గడువు. జలాశయం నిండబోతోందని సుబ్రహ్మణ్యం బృందానికి ముందే తెలుసు. డిస్కు ఎప్పుడు పోతుందో మనకు తెలియదు. రాతికీ డేటాకీ పోలికేమిటి, రాయిని ఒక్కసారే తరలించగలం, డేటాను వందసార్లు నకలు తీయవచ్చు కదా అనవచ్చు. నిజమే. అందుకే మన దగ్గర సాకు ఇంకా తక్కువ. వాళ్లకు దొరకని సదుపాయం, అసలును కదపకుండానే నకలును పూర్తిగా నిలబెట్టి పోల్చి చూసే సదుపాయం, మనకు ఒక మామూలు కంప్యూటర్ మీదే ఉంది.

పోల్చడం ఎలా? నిలబెట్టేది ఎప్పుడూ వేరే పేరుతో ఉన్న డేటాబేస్‌లో, వీలైతే వేరే యంత్రం మీద. వరుసల లెక్క సరిపోయిందా అన్నది మొదటి ప్రశ్నే గానీ చివరి ప్రశ్న కాదు. పైన చూసిన చెడుగుల్లో చాలావాటికి లెక్క మారదు. ఊరివారీగా విస్తీర్ణాల మొత్తం తీసి అసలులోని మొత్తంతో సెంటు వరకు సరిపోతుందో చూడాలి. అంకెల గడులకు ఇంతకన్నా చౌకైన పరీక్ష లేదు. ఖాతా పట్టికలో లేని ఖాతా నంబర్లు అడంగల్‌లో ఎన్ని ఉన్నాయో వెతికించాలి, సమాధానం సున్నా రావాలి. పొల్లులు, వత్తులు దండిగా ఉన్న పేర్లను ఏరి కంటితో చదవాలి. వెంకటేశ్వర్లు, లక్ష్మీనరసమ్మ లాంటి పేర్లు బాగా వస్తే మిగతావాటి మీద నమ్మకం కుదురుతుంది. ఆ తర్వాత అసలు పని చేసే ప్రోగ్రామును ఈ నకలుకు తగిలించి ఒక 1-బి తీయించాలి. మొత్తం ఎంతసేపు పట్టిందో రాసి పెట్టాలి. మూడు నిమిషాల్లో తీసిన డంప్ తిరిగి ఎక్కడానికి, సూచికలు కట్టుకోవడానికి, అంతకు ఎన్నో రెట్లు పట్టవచ్చు. మరో సంగతి: పోస్ట్‌గ్రెస్‌లో డంప్‌ను ఎక్కించే పీఎస్‌క్యూఎల్ మధ్యలో తప్పు ఎదురైనా ఆగకుండా ముందుకు పోతుంది, మొదటి తప్పు దగ్గరే ఆగమని మనం చెబితే తప్ప. చివరి దాకా నడిచింది కాబట్టి అంతా ఎక్కిందనుకోవడం కొత్తవాళ్లు తరచుగా పడే గొయ్యి.

ఇదంతా చిన్న ఆఫీసుల బెడద, పెద్దవాళ్లకు ఏర్పాట్లుంటాయి అనుకునేవారు గిట్‌ల్యాబ్ సంగతి చూడాలి. ప్రపంచమంతటి ప్రోగ్రామర్లు తమ పనిని దాచుకునే సంస్థ అది. 2017 జనవరి 31న ఒక ఇంజనీరు రెండో యంత్రం మీద ఉన్నాననుకుని ప్రధాన యంత్రం మీది డేటాబేస్ ఫోల్డరును తుడిచేశాడు. ఆపేసరికి 300 జీబీలో నాలుగున్నర మిగిలింది. వాళ్ల దగ్గర ఐదు రకాల రక్షణ ఏర్పాట్లున్నాయి. రోజూ తీయవలసిన పీజీడంప్ విఫలమవుతూ వస్తోంది. డేటాబేస్ 9.6 కూర్పు, డంప్ తీసే పనిముట్టు 9.2 కూర్పు, రెండింటికీ పొసగలేదు. విఫలమైందని చెప్పే ఈమెయిళ్లు వెళ్తూనే ఉన్నాయి, కానీ గుర్తింపు నియమాల లోపంతో చేరకముందే తిరస్కరణకు గురవుతున్నాయి. చివరికి వాళ్లను కాపాడింది వేరే పరీక్ష కోసం ఒకరు ఆరు గంటల ముందు చేత్తో తీసిపెట్టిన నకలు. ఆ ఆరు గంటల్లో చేరిన సుమారు 5,000 ప్రాజెక్టుల వివరాలు, 5,000 వ్యాఖ్యలు, 700 ఖాతాలు పోయాయి. ఇంత వివరంగా లోకానికి తెలియడానికి కారణం వాళ్లు దాచకుండా అన్నీ ప్రకటించడం. నెలకొకసారి నిలబెట్టి చూసే అలవాటు ఉండి ఉంటే ఆ డంప్ ఫైలు అసలు లేనేలేదన్న సంగతి మొదటి నెలలోనే బయటపడేది.

అసలు ఉండగానే పోల్చి చూడటం అయ్యే పనేనా అన్నవారికి మన ఎన్నికల్లోనే జవాబుంది. 2024 మే 13 పోలింగ్ రోజున మాచర్ల నియోజకవర్గం పాల్వాయి గేటు పోలింగ్ కేంద్రంలో వీవీప్యాట్ యంత్రం ధ్వంసమైంది. ఓట్లు నమోదయ్యేది దాని నుంచి విడిగా ఉండే కంట్రోల్ యూనిట్‌లో. అందులోని ఓట్లు భద్రంగా ఉన్నాయని అధికారులు ప్రకటించి, వేరే యంత్రంతో పోలింగ్ సాగించారు. అది విడి భాగాల్లో దాచడం వల్ల ఒనగూడిన లాభం. నా వాదనకు ఇంకా దగ్గరిది లెక్కింపు రోజు జరిగే పని. 2019 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ప్రకారం ప్రతి అసెంబ్లీ సెగ్మెంటులో ఐదు వీవీప్యాట్‌ల కాగితపు చీటీలను లెక్కపెట్టి యంత్రపు సంఖ్యతో పోలుస్తారు. ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా పోలుస్తారు. యంత్రమూ ఉంది, కాగితమూ ఉంది, రెండూ ఉన్నప్పుడే ఒకదాని మాటను ఇంకోదానితో అడిగి చూడటం అన్నమాట. దేశమంతా చేయగలిగిన పనిని ఒక కోల్డ్ స్టోరేజీ నెలకొకసారి చేయలేదా?

ఇక ఎదురయ్యే ఆక్షేపణల్లో బలమైనది రెప్లికేషన్‌ది. డేటాబేస్ ప్రతి మార్పునూ క్షణాల్లో ఇంకో యంత్రానికి పంపుతూ ఉంటే ఎప్పుడూ తాజా నకలు సిద్ధంగానే ఉంటుంది కదా, ఇంక డంపులెందుకు? డిస్కు చెడిపోవడం ఒక్కటే ప్రమాదమైతే ఈ మాట నిలుస్తుంది. కానీ మనిషి పొరపాటున వరుసలు కొట్టేస్తే ఆ కొట్టివేత కూడా అంతే నమ్మకంగా రెండో యంత్రానికి చేరుతుంది. గడిచిన కాలంలోకి వెనక్కి వెళ్లే దారి రెప్లికేషన్‌లో లేదు, డంపులోనూ మార్పుల చిట్టాలోనూ ఉంది. దొంగల సంగతీ ఇంతే. 2019 ఏప్రిల్ చివర్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థల కంప్యూటర్ల మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. అప్పటికి పల్నాడు కూడా తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ డిస్కమ్ పరిధిలోదే. ఇలాంటి దాడుల్లో ఫైళ్లకు తాళం వేసే ప్రోగ్రాం ఆ యంత్రానికి తగిలించి ఉన్న ప్రతి డిస్కునూ వెతుకుతుంది. ఎప్పుడూ తగిలించే ఉంచిన బ్యాకప్ డిస్కు మీదికీ అదే తాళం వస్తుంది. కనీసం ఒక నకలు తీగ పీకి పక్కన పెట్టినదై ఉండాలనడానికి కారణం ఇదే.

క్లౌడ్‌లో పెట్టాం, వాళ్లే చూసుకుంటారన్నది ఇంకో మాట. క్లౌడ్ సంస్థ తన డిస్కులకు పూచీ పడుతుంది, మనం ఇచ్చిన కొట్టివేత ఆజ్ఞను మాత్రం విధేయంగా అమలు చేస్తుంది. డేటా ఎక్కువ, నకలు తీయలేం అనేవారూ ఉన్నారు. దక్షిణ కొరియా ప్రభుత్వం తన ఉద్యోగుల పత్రాల కోసం నడిపిన జీ-డ్రైవ్‌కు బయటి బ్యాకప్ లేకపోవడానికి చెప్పిన కారణం అదే. 2025 సెప్టెంబరు 26న డేజాన్ డేటా కేంద్రంలో బ్యాటరీల నుంచి రేగిన మంటల్లో దాని 858 టెరాబైట్లు పోయాయి. మన పట్టికలకు ఆ సాకు కూడా చెల్లదు. అడంగల్ లాంటి పట్టికలో లక్ష వరుసలున్నా డంప్‌ను కుదిస్తే ఒక సినిమా పాట వీడియోకన్నా చిన్నదిగా ఉంటుంది.

కాగితాలున్నాయి కదా అన్న భరోసా మన దగ్గర పాతది, పూర్తిగా తప్పు కాదు. ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖలో 1983 తర్వాతి ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కంప్యూటర్ నుంచి వస్తుంది, అంతకు ముందుది కావాలంటే పాత ఇండెక్స్ పుస్తకాలు తిరగేయాలి. పుస్తకం ఉన్నంతకాలం దారి ఉంది. కానీ కాగితం నుంచి పట్టికను మళ్లీ నింపడానికి మనుషులు, నెలలు కావాలి. కొత్త తప్పులు దొర్లుతాయి. పైగా కాగితానికి తరచుగా ఒకే చోటు. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టర్ కార్యాలయంలో మంటలు రేగి రెవెన్యూ దస్త్రాలు కాలిపోయాయి. కాగితమైనా డిస్కైనా ఒకే గదిలో ఉంటే ఒకే అగ్గిపుల్ల చాలు.

అయితే నకళ్లు పెరిగినకొద్దీ దొంగకు తలుపులు పెరుగుతాయన్న ఆక్షేపణను తేలిగ్గా కొట్టిపారేయలేను. పట్టాదారు పేరు, ఆధార్, ఫోను నంబరు ఉన్న డంప్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో జేబులో తిరగడం బ్యాకప్ కాదు, లీకు. పరీక్ష కోసం నిలబెట్టిన డేటాబేస్‌ను పని అయ్యాక తుడవకుండా వదిలేయడం కూడా అంతే. దీనికి మందు ఫైలును ఎన్‌క్రిప్ట్ చేయడం. ఆ మందుతో కొత్త రోగం వస్తుంది: తాళంచెవి అదే కంప్యూటర్‌లో ఉంటే, కంప్యూటర్ పోయిన రోజున బ్యాకప్ కూడా పోయినట్టే. తాళంచెవి ఎక్కడుందో, ఎవరికి తెలుసో అన్నది కూడా నిలబెట్టి చూసినప్పుడే తేలుతుంది. ఆ పరీక్షను అసలు యంత్రం ముట్టుకోకుండా చేయాలని పట్టుబట్టడం అందుకే.

పాత నకళ్లకు ఇంకో లక్షణం ఉంది, అవి తమ రోజు నాటి లోకాన్ని మోసుకొస్తాయి. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. ఏప్రిల్ 3 నాటి డంప్‌ను ఇవాళ నిలబెడితే మాచర్ల, గురజాల వరుసలన్నీ గుంటూరు జిల్లా కింద కనిపిస్తాయి. అది తప్పు కాదు, ఆ రోజుకు నిజం. ఇవాళ్టి జిల్లా పట్టిక పక్కన పెడితే మాత్రం ముడి తెగుతుంది. కాబట్టి ఫైలుతో పాటు తేదీ, డేటాబేస్ కూర్పు, అక్షరాల పద్ధతి, జిల్లా మండల కోడ్‌ల పట్టిక, తీసిన ఆజ్ఞ, నిలబెట్టే ఆజ్ఞ ఒక కాగితం మీద ఉండాలి. ఆ కాగితం సరిగా ఉందో లేదో రాసినవారు చెప్పలేరు, వాళ్లకు రాయనివి కూడా గుర్తుంటాయి. ఫైలునూ కాగితాన్నీ ఇంకొకరి చేతికిచ్చి, వేరే కంప్యూటర్ మీద నిలబెట్టమనాలి. మధ్యలో వాళ్లు ఫోను చేసి ఏం అడిగారో ఆ ప్రశ్నా, దాని జవాబూ కాగితంలో చేర్చి, వచ్చే నెల మూడో మనిషికి ఇవ్వాలి.